ఇరవై ఎనిమిది నిమిషాలు, ఎనిమిది మీటర్లు, కొంచెం మీసం

"ఎంత లోతుకు దిగావన్నా?" అని అడిగాడు మా పక్క రొయ్యల గుంటల ఆసామి, టీ బంకు దగ్గర.

"ఎనిమిది మీటర్లు."

గ్లాసు బల్ల మీద పెట్టి నా వంక జాలిగా చూశాడు. "ఇరవై ఆరు అడుగులు. మా ఇంటి ముందు ఫిల్టరు పాయింటు బోరే అంతకన్నా లోతు. దీనికోసం విమానమెక్కి అండమాన్ దాకా పోయావా?"

ఆ పూట నాకు జవాబు తోచలేదు. నలుగురూ నవ్వారు, నేనూ నవ్వేశాను. ఇంటికొచ్చాక మాత్రం ఒళ్ళు మండింది. ఎనిమిది మీటర్ల లోతులో ఏముందో, ఆ లోతు తక్కువ కావడం ఎందుకు మంచిదో, ఎక్కడ డబ్బు దండగైందో రాసి పెడితే మన నెల్లూరు జిల్లా నుంచి వెళ్ళేవాళ్ళకైనా పనికొస్తుందని ఇది రాస్తున్నాను. నేను స్కూబాకు, అంటే వీపున గాలి సిలిండరుతో నీళ్ళ అడుగున ఈదడానికి, దిగిన చోటు పేరు నీమో రీఫ్. అండమాన్‌లో హేవ్‌లాక్ దీవి ఒడ్డునే ఉన్న పగడపు దిబ్బ. ఆ దీవికి 2018 నుంచి స్వరాజ్ ద్వీప్ అని పేరు, అక్కడి ఆటోవాళ్ళు మాత్రం ఇంకా హేవ్‌లాక్ అనే అంటున్నారు.

నా సంగతి కొంచెం చెప్పాలి, లేకపోతే నా మాటకు ఎంత విలువ ఇవ్వాలో మీకు తెలియదు. విడవలూరు మండలంలో రొయ్యల సాగు. వయసు యాభై నాలుగు. రోజూ ఉదయం బీపీ మాత్ర. ఈత వచ్చు, కానీ అది పంట కాలువలో నేర్చిన ఈత. సముద్రం మా ఇంటికి మూడు కిలోమీటర్లు. దాని హోరు వింటూ నిద్రపోయినవాణ్ణి, దాని ఉప్పునీళ్ళు మోటార్లతో తోడి గుంటలు నింపుకుని బతుకుతున్నవాణ్ణి. అయినా దాని అడుగున ఏముందో ఒక్కసారీ చూడలేదు. చూద్దామన్నా మన ఒడ్డున కనపడదు. పెన్నా తెచ్చి పోసే ఒండ్రు, అలలు కెలికే ఇసుక కలిసి మైపాడులో మోకాలి లోతులో నిలబడితే మన పాదాలు మనకే కనపడవు. పైగా అల విరిగి వెనక్కి మళ్ళేటప్పుడు కాళ్ళ కింద ఇసుకతో సహా లాగేస్తుంది. సెలవుల్లో స్నానానికని వచ్చి కొట్టుకుపోయిన పిల్లల వార్తలు ఏటా చదువుతూనే ఉన్నాం. సముద్రమంటే దూరం నుంచి దండం పెట్టే దేవత అని మా అమ్మ చెప్పేది.

మా అమ్మాయి బెంగళూరులో ఉద్యోగం చేస్తుంది. పోయిన ఏడాది స్నేహితులతో హేవ్‌లాక్ వెళ్ళి స్కూబా కోర్సు చేసి వచ్చింది. పద్దెనిమిది మీటర్ల దాకా దిగే అర్హత కార్డు చేతికిచ్చారు. అప్పటి నుంచి "నాన్నా, మీరొకసారి చూడాలి" అని ఒకటే పోరు. చివరికి జనవరిలో ఒక పట్టుబడి, అంటే గుంటల్లో పెరిగిన రొయ్యలు పట్టడం, అయ్యాక, గుంటలు ఆరబెట్టిన పదిహేను రోజుల ఖాళీలో కదిలాం. నేను, మా ఆవిడ, అమ్మాయి.

దారి గురించి రెండు మాటలు. నెల్లూరు నుంచి చెన్నై విమానాశ్రయానికి జాతీయ రహదారి మీద కారులో నాలుగు గంటలు చూసుకోండి. పొద్దున విమానమైతే అర్ధరాత్రే బయలుదేరాలి. చెన్నై నుంచి రెండుంబావు గంటల్లో పోర్ట్ బ్లెయిర్‌లో దిగుతారు. దానికి ఇప్పుడు శ్రీవిజయపురం అని పేరు. అక్కడ దిగగానే తెలుగు వినపడుతుంది, కంగారు పడనక్కర్లేదు. శ్రీకాకుళం వైపు నుంచి వెళ్ళి తరాలుగా స్థిరపడినవాళ్ళు చాలా మంది. అక్కడి నుంచి హేవ్‌లాక్‌కు ఓడలో ప్రయాణం. మా ఓడకు దాదాపు రెండు గంటలు పట్టింది. మా ఆవిడకు వాంతి రాకుండా అమ్మాయి ముందే మాత్ర వేసింది. జెట్టీ నుంచి నీమో రీఫ్ ఒడ్డుకు ఆటోలో పది నిమిషాలు కూడా పట్టదు.

ఇక అసలు విషయం. స్కూబా రెండు రకాలుగా చేయిస్తారు. పడవలో దూరం వెళ్ళి నడి నీళ్ళలో దిగడం ఒకటి, ఒడ్డు నుంచే నడిచి దిగడం ఒకటి. పడవ రకానికి ఖర్చు ఎక్కువ. అక్కడి చేపలూ ఎక్కువే అంటుంది మా అమ్మాయి. మొదటిసారి దిగేవాళ్ళకు మాత్రం ఒడ్డు రకమే మంచిదని నా తీర్పు. కారణం చెబుతాను. నీమో రీఫ్ దగ్గర నేల ఇసుక నేల. మెల్లగా వాలుతూ పోతుంది. చీలమండ, మోకాలు, నడుము, ఛాతీ, అలా. ఏ క్షణాన వద్దనిపించినా లేచి నిలబడితే చాలు. పడవ మీద నుంచి వెనక్కి వాలి నీళ్ళలో పడేటప్పుడు ఆ సౌకర్యం ఉండదు. మన ఒడ్డున లాగా విరిగే అల లేదు. నేను వెళ్ళిన రోజు నీరు మా గుంటలో గాలి కలిపే ఏరేటర్లు ఆపినప్పటి నీటిలా నిశ్చలంగా ఉంది.

అయితే ఒక తకరారు ఉంది. అక్కడ పోటుకూ (నీరు పొంగడం) పాటుకూ (నీరు తీయడం) తేడా మన తీరం కన్నా చాలా ఎక్కువ. నీళ్ళు తోడేవాణ్ణి గనుక నాకు తిథి చూసుకునే అలవాటు ఉంది. ఆ పూట పాటు ఉంటుందని ముందే అన్నాను. "ఎనిమిది గంటలకు వచ్చేయండి" అని ఫోనులో చెప్పిన స్కూబా సంస్థవాళ్ళు వినలేదు. ఎనిమిదికి వెళ్ళి చూస్తే నీళ్ళు ఒడ్డు వదిలి దూరంగా పోయి ఉన్నాయి. మధ్యలో అంతా చచ్చిన పగడపు ముక్కలు, గాజు పెంకుల్లా. పోటు వచ్చేదాకా దాదాపు మూడు గంటలు చెట్ల కింద కూర్చోబెట్టారు. ఆ సంస్థ పేరు రాయను, కుర్రాళ్ళు మంచివాళ్ళే. మీరు మాత్రం ఫోనులో సమయం కాదు, "ఆ రోజు పోటు ఎన్నింటికి?" అని అడగండి. దానికి జవాబు చెప్పగలిగినవాళ్ళ దగ్గరే డబ్బు కట్టండి.

ఆ మూడు గంటల్లో కాగితాలు నింపాం. ఆరోగ్యం గురించి పెద్ద ప్రశ్నాపత్రం ఇస్తారు. ఉబ్బసం ఉందా, గుండె జబ్బు ఉందా, చెవి ఆపరేషన్ అయిందా, బీపీ ఉందా. ఏ ఒక్కదానికి "అవును" అని రాసినా డాక్టరు ధ్రువపత్రం కావాలి. ఈ సంగతి అమ్మాయి ముందే చెప్పబట్టి నెల్లూరులో మా డాక్టరు దగ్గర రాయించుకుని తీసుకెళ్ళాను. మా పక్క బెంచీ మీద ఒకాయన బీపీ మాత్ర మింగుతూనే ఆ గడిలో "లేదు" అని రాయడం నా కళ్ళతో చూశాను. అలా చేయకండి. అది సంస్థను మోసం చేయడం కాదు. నీళ్ళ కింద ఏదైనా అయితే మీ ప్రాణానికే మోసం. మా ఆవిడకు ఉబ్బసం ఉంది. ఆమె నిజమే రాసింది, ఒడ్డునే ఉండిపోయింది. నిజానికి ఆమెకు దిగాలని ఏ కోశానా లేదు.

మూడు గంటల తర్వాత బిగుతు రబ్బరు బట్టలు తొడిగారు. ఇంతకుముందు ఎవరు తొడిగారో గాని ఆ వాసన ఎండు చేపల గోతాన్ని గుర్తు చేసింది. నడుముకు సీసం బరువులు, వీపున గాలి సిలిండరు. అందరూ దాన్ని ఆక్సిజన్ సిలిండరు అంటారు. కాదు. మనం పీల్చే మామూలు గాలినే నొక్కి పెట్టి నింపుతారు. మీటరులో 200 బార్ (సిలిండరులో గాలి ఒత్తిడి కొలత) చూపించి, 50కి రాకముందే పైకి వచ్చేయాలని చెప్పాడు మా శిక్షకుడు. ముప్పై ఏళ్ళలోపు కుర్రాడు. వాళ్ళ తాత సోంపేట నుంచి వెళ్ళాడట. నన్ను "బాబాయ్" అన్నాడు, అదొక్కటే నాకు సగం ధైర్యం.

నడుము లోతులో మోకాళ్ళ మీద కూర్చోబెట్టి అరగంట నేర్పించాడు. నోటితో గాలి పీల్చడం, నోట్లో పెట్టిన గాలి గొట్టం ముక్క ఊడితే మళ్ళీ పెట్టుకోవడం, కళ్ళూ ముక్కూ కప్పే మాస్కులోకి నీళ్ళొస్తే ముక్కుతో ఊది బయటికి పంపడం. అన్నిటికన్నా ముఖ్యమని పది సార్లు చెప్పింది ఒకటే: ఊపిరి బిగబట్టకూడదు. లోతులో పీల్చిన గాలి పైకి వస్తున్న కొద్దీ ఊపిరితిత్తుల్లో ఉబ్బుతుంది. బిగబట్టి పైకి వస్తే, ఒకటిన్నర మీటరు లోతు నుంచి వచ్చినా ఊపిరితిత్తి చిట్లే ప్రమాదం ఉంది. కాలువలో ఊపిరి బిగబట్టి మునకలేసిన మనిషికి ఈ ఒక్క అలవాటు మార్చుకోవడమే కష్టం.

ఇంతవరకూ బాగానే ఉంది. కథ మాస్కు దగ్గర అడ్డం తిరిగింది.

తల నీళ్ళలో పెట్టగానే మాస్కులోకి సన్నటి ధార. ఊదాను, పోయింది. మళ్ళీ వచ్చింది. ఊదాను. మళ్ళీ. నాలుగోసారికి కంగారులో ముక్కుతో పీల్చేశాను. ఉప్పునీళ్ళు నెత్తికెక్కాయి. దగ్గుతూ లేచి నిలబడ్డాను. కుర్రాడు మాస్కు పట్టీ సరిచేశాడు, వేరే మాస్కు ఇచ్చాడు, ఫలితం లేదు. చివరికి మొహమాటంగా నా పై పెదవి వైపు చూశాడు. "బాబాయ్, మీసం."

నా మీసం ఒత్తు. పెళ్ళి నాటి నుంచి ఉన్నది. మాస్కు అంచున ఉన్న సిలికాన్ చర్మానికి అతుక్కుంటేనే నీళ్ళు ఆగుతాయట. ముక్కు కింద వెంట్రుకలుంటే ప్రతి వెంట్రుక పక్కనా నీళ్ళకు దారి. కొందరు అక్కడ వాజెలిన్ పూస్తారట. కుర్రాడి దగ్గర ఉన్న డబ్బా అడుగంటింది. మొత్తం తీసేయమంటే నేను ఒప్పుకునేవాణ్ణి కాదు. మా వైపు మీసం తీసేసి ఊళ్ళోకి వస్తే ఇంట్లో ఎవరు పోయారని అడుగుతారు. ముక్కు కింద ఒక వేలెడు పట్టీ తగ్గిస్తే చాలన్నాడు.

ఒడ్డుకు వచ్చాను. మా ఆవిడ సంచీలో నుంచి గోళ్ళ కత్తెర తీసింది. నన్ను బెంచీ మీద కూర్చోబెట్టి, గడ్డం కింద చెయ్యి పెట్టి ముఖం ఎత్తి, కళ్ళు చిట్లించి మొదలుపెట్టింది. రబ్బరు బట్టలు కారుతూ, తల మీద మాస్కు, ముక్కు కింద కత్తెర. చుట్టూ నలుగురు కుర్రకారు. "కదలకండి, పెదవి తెగుతుంది" అని ఒకసారి గదమాయించింది. తరువాత తనే నవ్వు ఆపుకోలేక కత్తెర పక్కన పెట్టేసింది. అమ్మాయి ఫోటో తీసింది. మొత్తం ప్రయాణంలో ఆ ఫోటో ఒక్కటే మా ఆవిడ తన ఫోనులో దాచుకుంది. మీసం ఉన్నవాళ్ళకు నా సలహా: ఇంటి దగ్గరే మంగలి చేత ఆ పట్టీ తీయించుకుని వెళ్ళండి, లేదా ఒక వాజెలిన్ డబ్బా మీరే కొనుక్కుని పోండి. పది రూపాయల పని.

రెండోసారి మాస్కు అతికింది.

కుర్రాడు వెనక నుంచి సిలిండరు పట్టుకుని నన్ను నడిపించాడు. మొదటిసారి దిగేవాళ్ళను ఇలాగే తీసుకెళ్తారు. పైకీ కిందికీ పోవడం అతని చేతిలోనే ఉంటుంది. అమ్మాయి పక్కన ఈదుతోంది. ఛాతీ లోతు దాటింది, ఇసుక వాలింది. మూడు మీటర్ల దగ్గర ఎడమ చెవిలో సూది గుచ్చినట్టు నొప్పి. చెయ్యి ఊపి చెవి చూపించాను. కుర్రాడు అరమీటరు పైకి లేపాడు. ముక్కు మూసుకుని మెల్లగా ఊదితే టప్ మని చెవి వదిలింది. మళ్ళీ దిగాం.

టీ బంకు ఆసామికి చెప్పవలసిన మొదటి జవాబు ఇక్కడే ఉంది. లోతు తక్కువంటే సులువని అందరూ అనుకుంటారు. నీటిలో ప్రతి పది మీటర్లకూ నేల మీద గాలి మన మీద మోపే బరువంత (దాన్ని ఒక వాతావరణం అంటారు) అదనంగా పెరుగుతుంది. నీటి పైన ఒకటి, పది మీటర్ల దగ్గర రెండు. అంటే మొదటి పది మీటర్లలోనే ఒత్తిడి రెట్టింపవుతుంది. తర్వాతి పది మీటర్లలో రెండు నుంచి మూడే, ఒకటిన్నర రెట్లు. చెవికి అసలు పరీక్ష ఈ మొదటి మెట్లలోనే. ఫిల్టరు పాయింటు గొట్టానికి చెవులు లేవు, అందుకే దానికి తెలియదు.

రెండో జవాబు వెలుతురు. ఎనిమిది మీటర్లలో సూర్యుడు ఇంకా మనతోనే ఉంటాడు. ఇసుక మీద నీటి అలల నీడలు వల పరిచినట్టు కదులుతున్నాయి. మా వృత్తిలో సెక్కీ డిస్కు అని ఒకటుంటుంది. నలుపు తెలుపు పలకను తాడుకు కట్టి గుంటలో దించుతాం, అది కనపడకుండా పోయిన లోతును బట్టి నీళ్ళ రంగు అంచనా వేస్తాం. ముప్పై, నలభై సెంటీమీటర్లు వస్తే గుంట ఆరోగ్యంగా ఉన్నట్టు. ముప్పై ఏళ్ళుగా నాకు "మంచి నీరు" అంటే జానెడున్నర దాటి కనపడని పచ్చటి నీరు. అక్కడ పది, పన్నెండు మీటర్ల దూరంలో చేప కన్ను గుండ్రం కనపడుతోంది. ఈ నీళ్ళలో మేత లేదు, ప్లాంక్టన్ (నీటిలో తేలే సన్నటి జీవులు) లేదు, ఇంత జీవం ఎలా బతుకుతోందని నా మనసు లెక్కలు వేయడం మొదలుపెట్టింది. దాని జవాబు పగడాల దగ్గరే ఉందట. పగడపు జీవి ఒంట్లోనే సన్నటి నాచు కణాలు కాపురముండి, ఎండతో వంట చేసి ఇంటి యజమానికి పెడతాయి. అందుకే వాటికి తేట నీరు, ఎండ కావాలి. అందుకే తక్కువ లోతులోనే అవి బాగా పెరుగుతాయి. సముద్రం మరీ వేడెక్కితే ఆ కాపురం చెడి పగడం తెల్లబడిపోతుంది. 2010లో అండమాన్ పగడాలకు అలాంటి దెబ్బే బలంగా తగిలింది. ఇప్పటికీ దిబ్బ మీద తెల్లగా, బూడిద రంగుగా చచ్చిన భాగాలు చాలా ఉన్నాయి. టీవీలో చూపించే రంగుల తోట ఊహించుకుని వెళ్తే నిరాశే. సగం బండ, సగం బతుకు అనుకోండి.

నా మణికట్టుకు జొన్నవాడ కామాక్షమ్మ గుడిలో కట్టిన ఎర్ర దారం ఉంది. కింద ఒకసారి చెయ్యి చూసుకుంటే అది గోధుమ నలుపుగా ఉంది. రంగు కరిగిపోయిందేమోనని రుద్దాను కూడా. తర్వాత అమ్మాయి చెప్పింది, నీళ్ళు ముందు ఎరుపునే మింగేస్తాయని. పైకి వచ్చాక దారం మళ్ళీ ఎర్రగా ఉంది.

కర్ కర్ మని ఒక శబ్దం, ఎటు నుంచో తెలియదు. నీళ్ళలో శబ్దం గాలిలో కన్నా నాలుగు రెట్లకు పైగా వేగంగా వస్తుంది, ఏ చెవిది ముందో మనకు అందదు. చూస్తే చిలక చేపలు. పచ్చగా, చిలక ముక్కు లాంటి పళ్ళతో పగడాన్ని కొరుకుతున్నాయి. కొరికి నమిలి కాస్త దూరం పోయి తోక వెనక నుంచి తెల్లటి ఇసుక పొగలా వదిలాయి. అక్కడి తెల్లటి ఇసుకలో చాలా భాగం ఇలా వచ్చిందేనట. పొద్దున మూడు గంటలు నేను కూర్చున్నది దేని మీదో అప్పుడు అర్థమైంది.

ఇక దిబ్బ పేరుకు కారణమైన నారింజ రంగు చేప. పిల్లల సినిమా పుణ్యమా అని దానికి నీమో అనే పేరు స్థిరపడింది. బొటనవేలంత ఉంది. అనిమోన్ అనే జంతువు మధ్యలో దాని కాపురం. అనిమోన్ చూడటానికి గాలికి ఊగే చేమంతి, తాకితే దురదగొండి. ఈ చేప ఒంటి జిగురు వల్ల దాన్ని అది కుట్టదు. ఒక గుంపులో అన్నిటికన్నా పెద్దది ఆడది, మిగతావి మగవి. ఆ పెద్దది చస్తే దాని మగ చేపే ఆడదిగా మారి పెత్తనం తీసుకుంటుంది. నేను మాస్కు దగ్గరగా పెడితే అది పారిపోలేదు. నా మీదికే వచ్చింది. బొటనవేలంత ప్రాణి, ఎనభై రెండు కిలోల మనిషి మీదికి.

దాన్ని చూస్తుండగా అనిమోన్ పాదం దగ్గర ఇంకేదో కదిలింది. రొయ్య. గాజు లాంటి ఒళ్ళు, చిటికెన వేలి గోరంత. కిలోకు రెండు వేల రొయ్యల కౌంటు పెట్టినా తూగదు. ఇంకాస్త వంగి చూశాను. ఒంటి మీద తెల్లటి మచ్చలు!

నా గుండె ఒక్క క్షణం ఆగింది. తెల్ల మచ్చ అంటే రొయ్యల్ని చంపే రోగం, మా ఇళ్ళల్లో అది ఏమిటో తెలిసినవాళ్ళకు తెలుసు. 1990ల నడుమ టైగర్ రొయ్య మీద ఆ రోగం పడినప్పుడు మా నాన్న రెండు గుంటలు ఒక్క వారంలో పోగొట్టుకున్నాడు. మా అమ్మ గాజులు అప్పుడే తాకట్టుకు వెళ్ళాయి. 2009లో వనామీ అనే రొయ్య రకానికి అనుమతులు వచ్చాకనే మా వైపు మళ్ళీ చాలా మంది లేచి నిలబడ్డారు. ఇప్పటికీ చెక్ ట్రే (మేత, రొయ్యలు చూసుకునేందుకు గుంటలో దించే పళ్ళెం) ఎత్తినప్పుడు నా చూపు ముందు పోయేది రొయ్య తల మీది పెంకుకే. అక్కడ, ఎనిమిది మీటర్ల కింద, ఆ బుల్లి రొయ్య మాత్రం మచ్చలతో హాయిగా మీసాలు ఆడిస్తూ కూర్చుంది. అవి దాని పుట్టుకతో వచ్చిన మచ్చలు. దాని మీసం ఎవరూ కత్తిరించలేదు కూడా. ఆనందం పట్టలేక కుర్రాడికి బొటనవేలు ఎత్తి చూపించాను.

అక్కడే తప్పు చేశాను. నీళ్ళలో బొటనవేలు పైకెత్తితే "బ్రహ్మాండం" అని కాదు, "పైకి పోదాం" అని. ఒడ్డున చెప్పాడు, నేను మరిచాను. కుర్రాడు మర్యాదగా నన్ను పైకి తీసుకుపోవడం మొదలుపెట్టాడు. నేను తల అడ్డంగా ఊపుతున్నాను, అతను ఇంకా కంగారు పడుతున్నాడు. అమ్మాయి అడ్డం వచ్చి బొటనవేలూ చూపుడువేలూ సున్నాలా కలిపి చూపించింది. నేనూ అలాగే చూపించాక మళ్ళీ దిగాం. రెండు నిమిషాలు పోయాయి. రొయ్య కూడా పోయింది.

ఇప్పుడు ఫిర్యాదులు. నలభై నిమిషాలన్నారు. అమ్మాయి చేతి గడియారం ప్రకారం నీళ్ళ కింద ఉన్నది ఇరవై ఎనిమిది. నా సిలిండరులో ఇంకా 90 బార్ ఉంది. వెనక మరో జట్టు వరసలో ఉండటమే కారణమని కుర్రాడే ఒప్పుకున్నాడు. నేను కట్టింది మూడున్నర వేలు. ఫోటోలూ వీడియో దాంట్లోనే. ఇరవై ఎనిమిది నిమిషాలకు అది ఎక్కువా తక్కువా అంటే, ఎకరం గుంటలో ఏరేటర్లకు ఒక రాత్రి డీజిలు ఖర్చు తలుచుకుని ఊరుకున్నాను. బట్టలు మార్చుకోవడానికి రెండు గదులు, మంచినీళ్ళ కుళాయి ఒకటే. ఆడవాళ్ళకు ఇబ్బంది.

అసలు కోపం వేరే దాని మీద. ఇంకో సంస్థ మనిషి తన అతిథి ఫోటో బాగా రావాలని జేబులో నుంచి బిస్కెట్లు తీసి నలిపి నీళ్ళలో వదిలాడు. చేపలు ముసురుకున్నాయి, ఫోటో వచ్చింది. మేత పెట్టడం నా వృత్తి. ట్రేలో మిగిలిన మేత చూసి మర్నాడు తగ్గిస్తాం. ఎందుకంటే తినకుండా మిగిలిన ప్రతి గింజా అడుగున కుళ్ళి అమ్మోనియా అవుతుంది. గుంటలో చిన్న పిల్లవాడికి తెలిసిన విషయం అక్కడ మీసాలొచ్చిన మగవాడికి తెలియలేదు. ఆ అతిథి కాళ్ళకు తొడిగిన ఈత రెక్కలతో ఒక పగడపు కొమ్మ విరిగి పడటం కూడా చూశాను. మీరు వెళ్తే ఒక్కటి గుర్తుంచుకోండి: దేన్నీ తాకవద్దు, దేన్నీ పట్టుకుని ఆగవద్దు. ఒడ్డున పడి ఉన్న పగడపు ముక్కలు, గవ్వలు సంచీలో వేసుకోవద్దు. వన్యప్రాణి చట్టం కింద పగడాలకు పులితో సమానంగా రక్షణ ఉంది, విమానాశ్రయంలో సంచీలు వెతుకుతారు.

పైకి వచ్చాక మా ఆవిడ నడుము లోతు నీళ్ళలో నిలబడి ఉంది. చీర కుచ్చిళ్ళు ఎత్తి దోపుకుని. మేం దిగినప్పటి నుంచి నీటి మీద మా బుడగలు చూస్తూ, మేం ఎటు పోతే అటు ఒడ్డు వెంట నడిచిందట. మూడు చోట్ల బుడగలు వస్తున్నాయి గనుక ముగ్గురూ బతికే ఉన్నారని లెక్క. "మధ్యలో మీ బుడగలు ఒక్కటే ఎక్కువ వచ్చాయి, ఎందుకు?" అని అడిగింది. రొయ్యను చూసినప్పుడు అయి ఉంటుంది. గాలి అమ్మాయి కన్నా నేనే ఎక్కువ తాగాను, ఆమెది 125 మిగిలింది. ఇంకా లోతుకు పోతే అదే ఊపిరికి ఇంకా ఎక్కువ గాలి ఖర్చవుతుంది. ఇరవై మీటర్ల దగ్గర పైన పీల్చే దానికి మూడు రెట్లు. నాలాంటివాడు అక్కడ అరగంట కూడా నిలవడు. ఎనిమిది మీటర్లు చాలు అనడానికి ఇది మూడో జవాబు.

ఐదుకు నాలుగు మార్కులు వేస్తాను. చోటుకు ఐదూ ఇవ్వచ్చు. పోయిన మార్కు బిస్కెట్లకూ, పన్నెండు నిమిషాలకూ. నవంబరు నుంచి ఏప్రిల్ లోపు వెళ్ళండి, వానాకాలంలో నీరు ఇంత తేటగా ఉండదు. ఇంకొకటి, చాలా మంది ఏజెంట్లు దీన్ని ప్రయాణం చివరి రోజు పొద్దున పెడుతున్నారు. ఒప్పుకోవద్దు. నీళ్ళ కింద ఒంట్లో కలిసిన నత్రజని బయటికి పోవడానికి సమయం కావాలి. ఒక్కసారి దిగితే కనీసం పన్నెండు గంటలు, రెండు మూడు సార్లు దిగితే పద్దెనిమిది గంటలు ఆగాకే విమానం ఎక్కాలి. నేనైతే ఒక పూర్తి రోజు వదిలేశాను. ఆ రోజు దీవిలో కొబ్బరి బొండాలు తాగుతూ తిరిగాం.

మొన్న ఈ జవాబులన్నీ వరసగా టీ బంకు ఆసామికి వినిపించాను. మొత్తం విన్నాడు. మా అమ్మాయి ఫోనులో రొయ్య వీడియో మూడు సార్లు చూశాడు. మచ్చల దగ్గర ఆపి దగ్గరగా పెట్టుకుని చూశాడు. "వచ్చే పట్టుబడి అయ్యాక నన్నూ తీసుకుపోతావా అన్నా?" అన్నాడు.

"ముందు ఆ ఎడమ చెవిలో చీము సంగతి నెల్లూరులో డాక్టరుకు చూపించుకురా" అన్నాను.